వెనక గది తలుపు

కోడలు తలుపు మళ్ళీ తట్టింది. లోపల మంచం కిర్రుమంది తప్ప మాట లేదు.

"వదినా, పాలు మాడితే మాడాయి. దానికి గడియ పెట్టుకోవడం ఎందుకు?"

కోడలి మెళ్ళో వేలాడుతున్న హెడ్‌ఫోన్‌లో ఎవరో హలో హలో అంటున్నారు. ఆమె దాన్ని చెవులకు తగిలించుకుని నడవాలోని చిన్న బల్ల దగ్గరికి పరిగెత్తింది. "క్షమించాలి సార్, లైన్లోనే ఉన్నాను, చెప్పండి," అంది. తలుపు దగ్గర మాట్లాడిన గొంతు ఇంకెవరిదో అన్నట్టుంది.

ఆమె ఉద్యోగమే అది. వాషింగ్ మెషీన్లు చెడిపోయినవాళ్ళు ఫోన్ చేస్తే వినాలి. లాక్‌డౌన్ పెట్టగానే ఆఫీసు మూసేసి, కంప్యూటరూ హెడ్‌ఫోనూ ఇంటికి పంపేశారు. మెకానిక్కులు ఎవరి గుమ్మం తొక్కడానికీ వీల్లేదు. మెషీను ఇప్పట్లో బాగయ్యే దారి లేదని ఆమెకు తెలుసు, ఫోన్ చేసేవాళ్ళకీ తెలుసు. అయినా చేస్తారు. ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయినవాళ్ళకి తిట్టడానికి ఒక మనిషి కావాలి కదా. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆ తిట్లు తిని, అందర్నీ క్షమించమని అడిగి, బల్ల దగ్గర్నుంచి లేచేసరికి ఆమెలో ఓర్పు అన్నది అడుగంటిపోయేది.

నిన్న సాయంత్రం వంటింట్లో మాట తూలింది అందుకే.

వదిన అంటే భర్తకి అక్క. వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వంటిల్లంతా ఆవిడ చేతి మీద నడుస్తుంది. భర్త పోయాక ఆ హాస్టల్లోనే ఒక గదిలో ఉంటోంది. కాలేజీలకు సెలవులిచ్చారని, తండ్రిని చూసి రెండ్రోజులుండి పోదామని వచ్చింది. ఇంతలో బస్సులు ఆగిపోయాయి. చేతిసంచిలో తెచ్చుకున్న బట్టలతోనే తమ్ముడింట్లో చిక్కుబడిపోయింది.

హాస్టల్ నిండా ఆడపిల్లలకి వండి వార్చిన మనిషికి నలుగురి వంట వంటలా కనిపించదు. వచ్చిన కొత్తల్లోనే డబ్బాల చోట్లు మారిపోయాయి. గరిటెలు వేరే మేకు ఎక్కాయి. కోడలు ఉల్లిపాయ కోస్తుంటే వదిన వెనకే నిలబడి చూసేది. ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడం వీపు మీద గుచ్చుకునేది. నిన్న ఉప్పు డబ్బా కనపడక వెతికి వెతికి, కోడలు ఇక పట్టలేకపోయింది. "రెండ్రోజులకని వచ్చారు వదినా. ఇది నా వంటిల్లు, మీ హాస్టల్ కాదు," అనేసింది.

వదిన తిరిగి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఉప్పు డబ్బా తీసి మరదలి చేతికిచ్చి, భోజనాలయ్యాక వంటింటి తలుపూ కిటికీ మూసుకుని, గట్లూ అరలూ నేలా అన్నీ కడుగుతూ ఉండిపోయింది. ఎవరు పిలిచినా రాలేదు.

ఈ పొద్దున పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొట్టింది. కోడలు బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళి చూస్తే, వదిన పొయ్యి పక్కనే నిలబడి ఉంది. మాడిన గిన్నె వంకే చూస్తోంది. పొయ్యి ఆర్పలేదు. మరదల్ని చూసి, భుజం మీది తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, మాట్లాడకుండా వెనక గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

అలిగిందని అందరూ అనుకున్నారు.

ముందు గదిలో మామగారు సోఫాలో కూర్చుని, కూతురికి చిన్నప్పట్నుంచీ ఇది అలవాటేనని కొడుక్కి చెప్తున్నారు. అలిగితే బీరువా వెనక దూరేదట. ఆకలేస్తే తనే వచ్చేదట. ఆయన ఒకప్పుడు టైపు మిషన్లు బాగుచేసేవారు. ఇప్పుడాయన ఊపిరితిత్తులే బాగు లేవు. నాలుగు మెట్లెక్కితే మాట రాదు. ఈ జబ్బు ఊళ్ళోకి వచ్చిందని తెలిసిన రోజునుంచి ఆయన్ని గుమ్మం దాటనివ్వడం లేదు.

కొడుకుని వీధిలో అంతా కారు మాస్టారంటారు. డ్రైవింగ్ నేర్పుతాడు. పక్క పక్క సీట్లలో ఎవరూ కూర్చోకూడదన్నారు కాబట్టి, నేర్పేవాడి వైపు కూడా బ్రేకున్న ఆ చిన్న కారు ఇంటిముందు దుమ్ము కొట్టుకుపోతోంది. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా మాస్టారి కుడికాలు తనకు తెలియకుండానే నేలను నొక్కుతుంది. ఇప్పుడూ నొక్కుతూనే ఉంది.

"నువ్వే వెళ్ళి ఒక మాట చెప్పరాదూ," అన్నాడు భార్యతో, మెల్లగా. "అన్నది నువ్వు కదా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తను పడ్డవన్నీ ఎవరికీ కనపడలేదు, అన్న ఒక్క మాట మాత్రం ఇంటిల్లిపాదికీ వినపడింది. అయినా మధ్యాహ్నం ఫోన్లకు కాస్త విరామం దొరకగానే కంచంలో అన్నం పెట్టుకుని వెనక గదికి వెళ్ళింది.

"నిన్న నేను అలా అనకుండా ఉండాల్సింది. చిరాకులో అన్నాను," అంది తలుపుతో. ఆ మాటలు నోట్లోంచి రాళ్ళలా పడ్డాయి. "ఇక చాలు వదినా. మీరు తినందే తిననని మామయ్య భీష్మించుకు కూర్చున్నారు."

ఈసారి లోపల్నుంచి గొంతు వచ్చింది. తలుపుకి బాగా దగ్గర్నుంచి, నెమ్మదిగా.

"కంచం కింద పెట్టి నువ్వు అవతలికి జరుగు ముందు."

"ఏంటి వదినా ఇది, చిన్నపిల్లలా..."

"అలిగానని ఎవరు చెప్పారు నీకు? నాకు వాసన తెలియడం లేదు."

కోడలికి మొదట అర్థం కాలేదు.

"పాలు నా ముక్కు కింద మాడాయి అమ్మాయ్. నాకు తెలియలేదు. నువ్వు వచ్చేలోపే సబ్బు వాసన చూశాను, ఉల్లిపాయ చిదిమి చూశాను, నీ కాఫీ పొడిలో ముక్కు పెట్టాను. ఏమీ లేదు." ఇంకా తగ్గిన గొంతుతో, "నిన్న నాన్నకి గడ్డం గీశాను. మొహం మీదికి వంగి," అంది.

వాసన తెలియకపోవడం కూడా ఆ జబ్బుకి గుర్తేనని ఈ మధ్యే టీవీలో చెప్పడం మొదలుపెట్టారు. నలుగురూ కలిసే విన్నారు ఆ వార్త.

కోడలు కంచం కింద పెట్టడం కూడా మర్చిపోయి, అలాగే పట్టుకుని ముందు గదిలోకి నడిచింది. ఆమె మొహం చూసి మాస్టారు లేచి నిలబడ్డాడు.

*

జబ్బు అనుమానముంటే చెయ్యమని టీవీలో ఒక నంబరు ఇచ్చారు. కోడలు ఆ నంబరుకి చేస్తే చాలాసేపు ఏదో వాద్యం మోగింది. రోజూ తను జనాన్ని ఎదురుచూడబెట్టేది కూడా ఇలాంటి మోతతోనే. చివరికి ఒక అమ్మాయి గొంతు పలికింది. "క్షమించాలి మేడమ్, ఇంతసేపూ లైన్లు ఖాళీ లేవు," అంది. ఆ మెత్తదనం ఎక్కణ్ణుంచి వస్తుందో కోడలికి తెలుసు. కోప్పడబోయినది కూడా మానేసింది.

జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఊపిరి ఆడుతోందా అని ఆ అమ్మాయి చదువుతున్నట్టు అడిగింది. ఇంట్లో పెద్దవాళ్ళున్నారా అంది. మామగారి సంగతి చెప్పగానే ఆ చదవడం ఆగిపోయింది.

"మేడమ్, ముందు ఆ పెద్దాయన్ని వేరే గదిలోకి మార్చండి. కిటికీలు తెరవండి. ఆ పని చేసి రండి, నేను ఫోన్ పెట్టను," అంది ఆ ముక్కూ మొహం తెలియని పిల్ల.

మామగారు కదలనన్నారు. తన సోఫా, తన రేడియో, తన కిటికీ ఇక్కడున్నాయన్నారు. కూతురు అలిగితే తనను మంచం ఎక్కించడమేంటని కొడుకు మీద విసుక్కున్నారు. ఇక దాచి లాభం లేక మాస్టారు ఉన్నది చెప్పేశాడు. ఆయన తన గడ్డాన్ని తడుముకున్నారు. నిన్ననే గీసిన గడ్డం, నున్నగా ఉంది.

"నా వల్ల దానికి రాలేదు కదా?" అన్నారు.

మీరు ఇల్లు కదల్లేదు కదా మామయ్యా, మీ వల్ల ఎలా వస్తుందని కోడలు నచ్చజెప్పి, చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక వెనక్కి తీసుకుంది. ఆయన తనే లేచి, రేడియో చంకలో పెట్టుకుని, కొడుకూ కోడలూ పడుకునే గదిలోకి వెళ్ళారు.

ఇంట్లోంచి బయటికి వెళ్ళేది మాస్టారొక్కడే. మొన్న సరుకుల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డప్పుడు, ఎవరో పాత శిష్యుడు పలకరిస్తే మూతికున్న గుడ్డ కిందికి లాగి మాట్లాడాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి కారు కడిగాడు. ఎక్కడికీ వెళ్ళని కారుని తలుపులు తీసి లోపలా బయటా కడిగాడు.

సాయంత్రం కాకముందే పరీక్ష చేసే బండి వచ్చింది. నెత్తి నుంచి పాదాల దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుక్కున్న మనిషి దిగాడు. వీధిలో ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది, వెంటనే ఒక్కొక్కటీ మూసుకుంది. పైవాటా ఆవిడ ఫోన్ చేసి, ఏమైనా కావాలా అని అడిగి, ఆ వెంటే, మెట్ల కమ్మీని మాత్రం ముట్టుకోకండమ్మా అంది.

వదిన గుమ్మం దాకా వచ్చి తల వెనక్కి వాల్చింది. ఆ మనిషి పుల్ల లోపలికి పోనిచ్చినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కులో పుల్ల పెడితే ఎవరికైనా తిరుగుతాయి. కానీ అతను వెళ్ళిపోయాక కూడా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉండడం కోడలు చూసింది. ఫలితం ఫోన్‌లో చెప్తామన్నారు. ఎప్పుడన్నది చెప్పలేదు.

*

మర్నాడు కోడలు తన వంటింట్లో తనొక్కతే వంట చేసింది. వెనక ఎవరూ నిలబడి లేరు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. ఉల్లిపాయ తన ఇష్టం వచ్చినట్టు కోసింది. గరిటెని పాత మేకుకే తగిలించింది. అయినా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

కూర ఉడుకుతుండగా నడవాలోకి వచ్చి, వెనక గది వైపు గొంతు పెంచి, ఉప్పు ఎంత వెయ్యమంటారు వదినా అని అడిగింది. ఎంత వెయ్యాలో ఆమెకు బాగా తెలుసు.

"ఇన్నేళ్ళుగా వండుతున్నావు, నన్నడుగుతావేంటి?" అంది వదిన లోపల్నుంచి.

"అడక్కపోతే మాత్రం ఊరుకున్నారా ఇన్నాళ్ళూ?"

అంతే. మొదలైంది. పొద్దుణ్ణుంచీ ఇద్దరూ భయాన్ని మింగుతూ ఉన్నారు. అది కాస్తా కోపమై బయటికొచ్చింది. కోడలు నడవాలో గోడకి చేరబడి, డబ్బాల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తన ఇంట్లో తనకి చెంచా దొరకని రోజులు తెచ్చారంది. తను ఫోన్‌లో ఉన్నప్పుడు గిన్నెలు అలా మోగిస్తే అవతలి వాళ్ళు ఏమనుకుంటారంది. వదిన కూడా ఊరుకోలేదు. ఊరికే కూర్చుని తినడం తనకి చేతకాదంది. పనిచెయ్యకపోతే బరువంటారు, చేస్తే పెత్తనమంటారు, ఏం చేస్తే మీకు నచ్చుతుందో ముందే చెప్పేస్తే పోయేదంది. తలుపు మధ్యలో ఉండటం వల్లో ఏమో, ఎదురెదురుగా అనలేనివన్నీ ఇద్దరూ అనుకున్నారు.

"ఒకటి చెప్పనా," అంది వదిన చివరికి. కోపం పోయి, అలసట మిగిలిన గొంతు. "ఆ బల్ల దగ్గర కూర్చుని ఊళ్ళోవాళ్ళందరికీ ఎంత మెత్తగా సమాధానం చెప్తావో రోజూ వింటాను. ఎంత తిట్టినా క్షమించమంటావు. వాళ్ళెవరో కూడా నీకు తెలియదు. నాతో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎక్కడికి పోతుంది అమ్మాయ్?"

కోడలు నోరు తెరిచింది.  వాళ్ళకి అలా చెప్పడానికి నాకు జీతమిస్తారు అందామనుకుంది. అది జవాబు కాదని ఆమెకే తెలిసింది.

"మీతో మాట్లాడేది మాత్రం నా సొంత గొంతు వదినా," అంది. "అది అంత బాగుండదు."

లోపల్నుంచి చిన్న చప్పుడు. నవ్వో, నిట్టూర్పో తెలియలేదు.

అప్పుడే అవతలి గదిలో మామగారు దగ్గారు.

ఇద్దరూ బిగుసుకుపోయారు. దగ్గు ఆగలేదు. తెరలు తెరలుగా వచ్చింది. మాస్టారు ఎక్కడున్నవాడు అక్కడినుంచి ఉరికాడు. "నాన్నకేమైంది? చెప్పవేం, ఏమైంది?" అంటూ వదిన లోపల్నుంచి తలుపు మీద అరచేత్తో కొడుతోంది. గడియ మీద చెయ్యేసి కూడా తియ్యకుండా నిలబడిపోయింది. కోడలు గది గుమ్మంలోకి వెళ్ళి చూసింది. మామగారు మొహం ఎర్రగా చేసుకుని, కప్పు పక్కన పెట్టి, వాళ్ళ వైపు చెయ్యి ఊపుతున్నారు.

గుక్క తిప్పుకున్నాక చెప్పారు. టీ తాగుతూ వదినా మరదళ్ళ పోట్లాట విన్నారట. కూతురి మాటలకి తనకి నవ్వొచ్చిందట. టీ అడ్డం పడిందట.

"ఇంత సేపటికి దాని గొంతు వినపడింది," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "మీరు కానివ్వండమ్మా. నేను ఆపమన్నానా?"

కోడలు తిరిగి వెనక గది దగ్గరికి వెళ్ళి, తలుపు దగ్గర నేల మీద చతికిలబడి, అవతల వైపు ఉన్న మనిషికి ఆ మాట యథాతథంగా చెప్పింది. అవతల వైపు కూడా ఎవరో నేల మీద కూలబడ్డ చప్పుడైంది.  కూర అడుగంటుతున్న వాసన వచ్చేదాకా కోడలు లేవలేదు.

*

ఆ మధ్యాహ్నం ఫోన్ వచ్చేసరికి ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉంది. ఒక పెద్దమనిషి తన మెషీన్లో తడి దుప్పట్లు ఇరుక్కుపోయాయని, తలుపు తెరుచుకోవడం లేదని, ఇప్పుడేం కప్పుకోవాలని గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నాడు. బల్ల మీద సొంత ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె ఆ పెద్దమనిషితో ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసింది. ఉద్యోగంలో చేరాక అలా చెయ్యడం అదే మొదలు.

అవతల ఆస్పత్రి మనిషి వదిన పేరూ వయసూ అడిగి సరిచూసుకున్నాడు. తర్వాత, జబ్బు లేదండీ, అన్నాడు.

మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు.

ఆమె లేచి నడవాలో నిలబడింది. అటు మామగారి గది, ఇటు వెనక గది. ఎటు ముందు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడి, "లేదట," అంది.  మళ్ళీ కొంచెం గట్టిగా, "వదినా, లేదట. ఏమీ లేదట," అంది.

మాస్టారు వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి, గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. పాత శిష్యుడి సంగతి అప్పుడు బయటపెట్టాడు, ఎవరూ అడక్కుండానే. మామగారు రేడియో కట్టేశారు. ఆయన ఏడుస్తున్నారని ఆ నిశ్శబ్దంలో తెలిసింది. వెనక గదిలోంచి మాత్రం చప్పుడు లేదు.

అప్పటిదాకా బల్ల మీది హెడ్‌ఫోన్‌లోంచి దుప్పట్ల పెద్దమనిషి గొంతు సన్నగా వస్తూనే ఉంది. కోడలు దాన్ని అందుకుని క్షమించమంది. ఇంట్లో ఒకరికి జబ్బేమోనని భయపడ్డామని, కాదని ఇప్పుడే తెలిసిందని, అందుకే మధ్యలో వదిలేశానని చెప్పింది. అలాంటివి చెప్పకూడదు.  "పోన్లేమ్మా, మంచి మాట విన్నావు," అన్నాడాయన. దుప్పట్ల సంగతి రేపు చూద్దామని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఆస్పత్రినుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. జ్వరం లేదు, దగ్గు లేదు, పరీక్షలో జబ్బు లేదు, మరి ముక్కుకేమైందని తరచి తరచి అడిగింది. వాసన పోవడానికి ముందు రోజు ఏం చేశారు, ఏమైనా పీల్చారా అంది. కోడలు ఫోన్ తలుపు దగ్గర పెడితే వదిన లోపల్నుంచే జవాబు చెప్పింది. వంటిల్లు కడిగానంది. నేలకి వేసే మందూ, స్నానాల గదికి వేసే మందూ రెండూ కలిపితే పురుగూ పుట్రా ఏదీ మిగలదని ఎవరో అంటే విన్నానంది. తలుపులు మూసుకుని కలిపానంది.

డాక్టరమ్మ చడామడా తిట్టింది. ఆ రెండూ కలిస్తే వచ్చే ఆవిరి ముక్కునీ ఊపిరితిత్తుల్నీ కాల్చేస్తుందని, ప్రాణం మీదికి రాలేదు సంతోషించమని, ఈ రోజుల్లో ఇంటింటా ఇదే పని చేస్తున్నారని కేకలేసింది. వాసన తిరిగి వస్తుందంది. అయినా ఎందుకైనా మంచిది, మరోసారి పరీక్ష చేసేదాకా ఎవరి గదుల్లో వాళ్ళే ఉండమంది.

కోడలు ఫోన్ పెట్టేసి చాలాసేపు తలుపు వంక చూసింది. మాట పడ్డ రాత్రి వదిన వంటిల్లు అంతలా ఎందుకు కడిగిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. "నేనలా అనుండకూడదు వదినా," అంది. ఈసారి ఆ మాటలు రాళ్ళలా పడలేదు.

"కలిపింది నేను. మధ్యలో నీ తప్పేముంది," అంది వదిన. "ఆకలేస్తోంది. ఆ కూర ఏమైనా మిగిలిందా?" అంది.

*

కొన్ని రోజులకి రెండో పరీక్షలోనూ లేదన్నారు. వదిన తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి, నలుగురికీ ఎలా నిలబడాలో తెలియలేదు. మామగారు నవ్వుతూ చెయ్యి చాచారు. వదిన ఆయన పాదాల దగ్గర కూర్చుని, ఆ చెయ్యి మొహానికి ఆనించుకుంది. మాస్టారు ఊరికే అటూ ఇటూ తిరిగి, ఎవరూ చెప్పకుండానే కంచాలు పెట్టాడు. ఇల్లంతా ఒక్కసారిగా వదులైనట్టయింది. భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడారు. పైవాటా ఆవిడ మెట్ల కమ్మీ సంగతి మాస్టారు ఆవిడ గొంతుతోనే చెప్తే కోడలికి నవ్వాగలేదు. వదిన కూర నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిపోయింది అంది. అది మెచ్చుకోలో, దెప్పో ఎవరూ అడగలేదు.

మామగారు పొంగిపోయారు. ఇక నా కూతురికేం, మహారాణి అన్నారు. అంతమంది పిల్లలు దాని చేతి అన్నం కోసం అక్కడ కాచుకుని ఉంటారన్నారు. తను టైపు మిషన్లతో సంపాదించలేని పేరు అది గరిటెతో సంపాదించిందన్నారు. ఆ మాట ఆయన చెప్పడం కొత్త కాదు. వచ్చినవాళ్ళందరికీ చెప్తారు.

అప్పుడు మాస్టారు జేబులోంచి ఫోన్ తీశాడు. ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచిన సంగతి ఒకటుందన్నాడు. వంటింట్లో మాటా మాటా వచ్చిన రాత్రే, అక్కని తన కారులో దింపి వస్తానని, అనుమతి కావాలని అడిగాడట. అది ఈ పొద్దునే వచ్చిందట. ఇక బస్సుల కోసం చూడక్కర్లేదు, రేపే బయల్దేరొచ్చు అన్నాడు. అందరికీ సంతోషం పంచుతున్నవాడిలా ఉంది మొహం.

వదిన తల ఊపింది. మంచిదే అంది. ఖాళీ కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

కోడలు వెనకే వెళ్ళింది. వదిన పంపు తిప్పి, కంచాలు కింద పెట్టకుండా నీళ్ళ వంకే చూస్తూ నిలబడి ఉంది.

"ఏంటి వదినా? మళ్ళీ ఏమైనా తేడాగా ఉందా?"

"హాస్టల్ లేదు అమ్మాయ్."

కోడలు పంపు కట్టేసింది.

"బస్సులు ఆగిన కొత్తల్లోనే యజమాని ఫోన్ చేశాడు. పిల్లలు ఎప్పుడొస్తారో తెలీదు, ఇక నడపలేను, మూసేస్తున్నాను అన్నాడు. నా పెట్టె ఎవరితోనైనా పంపిస్తానన్నాడు." కంచాలు ఒక్కొక్కటే తొట్టిలో పెడుతూ, చప్పుడు కాకుండా పెడుతూ చెప్పింది. "నాన్న ప్రతివాళ్ళకీ చెప్తుంటారు కదా. నాకు నోరు రాలేదు. నువ్వు ఆ మాట అన్నప్పుడు నీకు తెలియదు. తప్పు నీది కాదు."

ఇది నా వంటిల్లు, మీ హాస్టల్ కాదు. ఆ మాట ఇప్పుడు మళ్ళీ వినపడింది కోడలికి, తన గొంతులోనే.

"రేపు వాడు నన్ను ఆ ఊళ్ళో దింపి వచ్చేస్తే చాలు. నా దారి నేను చూసుకుంటాను. వాళ్ళిద్దరికీ తెలియనివ్వకు," అంది వదిన.

"ఏ దారి?"

వదిన తొట్టిలో కంచాల్ని మళ్ళీ సర్దింది.

ముందు గదిలోంచి మాస్టారు కేకేశాడు. ఎండెక్కకముందే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాననీ, అక్క బట్టలు ఇప్పుడే సర్దేస్తే మంచిదనీ అంటున్నాడు.

"రేపు కుదరదండీ," అంది కోడలు.

"ఎందుకు కుదరదు?"

ఎందుకో ఆమె ఆలోచించుకోలేదు. వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని, ఒకసారి నొక్కి వదిలేసింది. "నా కోసం నువ్వు అబద్ధమాడొద్దు," అంది. తడి చేతులు తుడుచుకుని, తనే ముందు గదిలోకి నడిచింది.

మామగారు సోఫాలో పక్కకి జరిగి, చోటు చూపించారు. "రా తల్లీ, కాసేపు కూర్చో. అక్కడికి వెళ్ళావంటే నీకు మళ్ళీ తీరికుండదు."

వదిన కూర్చుంది. మాస్టారు ఒకసారి అక్కనీ, ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యనీ చూశాడు.

"నాన్నా," అంది వదిన.

మామగారు బాగా వినపడే చెవిని ఆమె వైపు తిప్పారు.